వదరుబోతు

‘వదరుబోతు’ అనే బిరుదును నా ఉద్యోగజీవితంలో నేను వ్రాతపూర్వకంగా ఇచ్చింది ఒకే ఒక్కరికి. నోటితో ఎందరికి ఇచ్చానో లెక్క లేదు. తెలుగు పండితుని నోట ఆ మాట సుద్దముక్క వంటిది. విసరడానికి ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. వ్రాసింది మాత్రం ఒక్కమారే. 1988లో, చిత్రావతికి ఆవలిగట్టున ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో, ఎనిమిదవ తరగతి చదువుతున్న ఒక బాలిక ప్రోగ్రెస్ కార్డు మీద వ్రాశాను. త్రైమాసిక పరీక్షల మార్కుల ప్రక్కన ‘ఉపాధ్యాయుని అభిప్రాయము’ అని ఒక గడి ఉండేది. అందులో ఎర్రసిరాతో, అరసున్న కూడా విడువకుండా, ‘వదరుఁబోతు’ అని. అరసున్న పెట్టినందుకు ఆనాడు కొంత గర్వపడినట్లు కూడా జ్ఞాపకం.

ముప్పై ఏడేళ్ళ తరువాత ఆ మాట నన్ను వెదుక్కుంటూ వచ్చింది. ఆ ముచ్చట చెప్పేముందు మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాము. పండితుని ఇంటికి వచ్చినవారికి ఆ శిక్ష తప్పదు.

‘వదరు’ అచ్చమైన దేశ్యధాతువని నా అభిప్రాయం. అవసరానికి మించి, సారం లేకుండా మాట్లాడుట దాని అర్థం. సంస్కృతంలో ‘వద’ అనే ధాతువు ఉన్నది గదా, ఇది దాని సంతానమే అని కొందరికి తోచవచ్చు. నాకు సమ్మతం కాదు. మా సరిహద్దుకు అవతల కన్నడంలో ‘ఒదరు’ అనే క్రియ ఉన్నది. అరచుట, కేకలు వేయుట అని అర్థం. మా ప్రాంతపు సంతలలో రెండు భాషలూ వినబడతాయి. అక్కడ కన్నడిగుడు పిల్లవాణ్ణి ‘ఏమి ఒదరుతావురా’ అని తన భాషలో విసుక్కుంటే మనవాడి విసుగూ అదే రాగంలో వినబడుతుంది. ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలేనని నేను నమ్ముతాను.

ఇక ‘పోతు’. అది మగజంతువును చెప్పే మాట. దున్నపోతు, మేకపోతు, పిల్లిపోతు. ఆ పోతే మనిషి దురలవాట్లకు తోకగా చేరి తిండిపోతు, త్రాగుబోతు, తిరుగుబోతు అయి కూర్చున్నది. మేత ముందర పెడితే మానడం తెలియని పశువు వంటివాడని భావం. విచిత్రమేమంటే, మగపశువు పేరిట పుట్టిన ఈ తిట్లకు స్త్రీలింగరూపం లేదు. పదమూడేళ్ళ ఆడపిల్లను తిట్టవలసి వచ్చినా దున్నపోతు మెడలోని గంటనే తెచ్చి కట్టవలసిందే. నేను కట్టాను.

సంస్కృతం ఈ విషయంలో మనకంటె దయగలదా అంటే, మొదట దయగానే ఉండినది. పాణిని అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం రెండవ పాదంలో ‘వాక్’ శబ్దాన్ని గూర్చి వరుసగా రెండు సూత్రాలు ఉన్నవి. మొదటిది ‘వాగ్మి’ శబ్దాన్ని సాధిస్తుంది. రెండవది ‘వాచాల’, ‘వాచాట’ శబ్దాలను. ఈ రెండవ సూత్రంలో పాణిని చెప్పిన అర్థం ఎక్కువగా మాట్లాడేవాడు అని, అంతే. అందులో నింద లేదు. తరువాత వార్తికకారుడు వచ్చి, ఇది నిందార్థంలోనే అని చెప్పవలెను అని ఒక అడ్డుకట్ట వేశాడు. కాశికావృత్తి దానిని ఇంకొంచెం విప్పి, ఎక్కువగా మాట్లాడినా చక్కగా మాట్లాడేవాడు వాగ్మి అనిపించుకుంటాడే గాని వాచాలుడు కాడని తేల్చింది. అమరకోశం దగ్గరకు వచ్చేసరికి జల్పాకుడు, వాచాలుడు, వాచాటుడు ముగ్గురు దొంగలవలె ఒకే బోనులో నిలబడినారు.

అయినా వాచాల శబ్దానికి ఒక్కచోట విమోచనం దొరికింది. భగవద్గీత పారాయణకు ముందు చదివే ధ్యానశ్లోకాలలో, మూగవాడు వాచాలుడు కావడాన్ని భగవంతుని కృపకు గుర్తుగా చెప్పిన శ్లోకం అందరూ ఎరిగినదే. అక్కడ ఎవరూ వార్తికాన్ని గుర్తుచేయరు. మూగవానికి మాట రావడమే గొప్ప. ఆ మాట ఎక్కువా తక్కువా అని కొలిచేది ఎవరు? ఈ శ్లోకాన్ని నేను ఏళ్ళ తరబడి నిత్యం చదివాను. చదివి, సంచి భుజాన వేసుకొని బడికి వెళ్ళి, దానికి సరిగ్గా తలక్రిందుల పని చేసి వచ్చాను. అది తరువాత చెబుతాను.

ఇంపుగా, ఎక్కువగా మాట్లాడేవారికి తెలుగులో ఏ పేరున్నది? వాగ్మి అంటే సభావేదిక, పూలమాల, ముందు వరుసలో నిద్రించే పెద్దలు మనసులో మెదలుతారు. అరుగుమీద కూర్చొని కబుర్లు చెప్పే పిల్లను వాగ్మి అని ఎవరూ పిలువరు. ‘మాటకారి’లో మెప్పు ఉన్నది గాని, మెచ్చుకుంటూనే జేబు తడుముకొనే అనుమానం కూడా ఉన్నది. పెళ్ళిళ్ళ పేరయ్య మాటకారి, పాత ఎద్దును కొత్త ఎద్దుగా అమ్మేవాడు మాటకారి. ‘వాగుడుకాయ’ సగం ముద్దు, సగం మొట్టికాయ.

‘వసపిట్ట’ వీటన్నిటిలోకి ముద్దైన మాట. సంస్కృతంలో ‘వచా’ అనే మూలికే మన వస. మాట్లాడుట అనే అర్థం గల ‘వచ’ ధాతువుకు అది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. పిల్లలకు మాటలు త్వరగా వచ్చేందుకు వసకొమ్మును సానరాయిమీద అరగదీసి నాలుకకు రాయడం మన పెద్దల ఆచారం. వస తిన్న పిట్ట ఇక నోరు మూయదని నానుడి. నీళ్ళు నిలిచే చిత్తడినేలలో పెరిగే మొక్క అది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండుగ చేసుకొనే మా మెట్టలో ఎక్కడ మొలుస్తుంది? అంగడిలో కొని తెచ్చేవారు. మా అవ్వ నాకు వస ఎక్కువ పోసిందని మా ఇంట్లో ఒక అపవాదు ఉండేది. (ఈ వాక్యం చదివి ఎవరూ ఇంట్లో పసిబిడ్డలకు వస పోయకండి. అందులోని కొన్ని పదార్థాలు హానికరమని తేలింది. అమెరికాలో 1968లోనే ఆహారపదార్థాలలో వస వాడకాన్ని నిషేధించారు. మాటలు నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.)

కాని వసపిట్ట చిన్నపిల్లల మాట. కొంచెం పెరిగితే చాలు, నిన్నటి వసపిట్ట ఈనాడు వదరుబోతు అవుతుంది. ఏ పుట్టినరోజునాడు ఈ మార్పు జరుగుతుందో నిఘంటువులు చెప్పవు.

ఇప్పుడు మా జిల్లా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుండి పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రమయింది గాని, నేను చెప్పబోయే కాలానికి అంతా అనంతపురమే. 1917 ప్రాంతంలో ఆ అనంతపురంలో పప్పూరు రామాచార్యులుగారు, వారి మిత్రులు కలిసి వ్యాసాలు వెలువరించడం మొదలుపెట్టారు. వాటికి వారు పెట్టిన పేరు ‘వదరుబోతు’! రామాచార్యులుగారు 1896లో పుట్టినవారు. అప్పటికి ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ యువకుడు. జైలుకు వెళ్ళినదీ, 1926లో ‘సాధన’ పత్రిక స్థాపించినదీ తరువాతి కథ. ఆ వయసులో పత్రికారచనకు దిగినవారు సాధారణంగా భాను, ప్రభ, చంద్రిక, తరంగిణి అంటూ వెలుతురో నీళ్ళో వచ్చే పేరు వెదుకుతారు. వీరు వెదికి వెదికి తిట్టును తెచ్చుకున్నారు.

ఆ పేరు వెనుక ఒక ఆంగ్లపత్రిక ఉన్నది. 1709 ఏప్రిల్‌లో రిచర్డ్ స్టీల్ లండన్‌లో ‘టాట్లర్’ ప్రారంభించాడు. వారానికి మూడుమార్లు వచ్చేది. 1711 జనవరితో ఆగింది. ఆ మార్చిలోనే అడిసన్, స్టీల్ కలిసి ‘స్పెక్టేటర్’ తెచ్చారు. స్పెక్టేటర్ అంటే చూచేవాడు. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు ఆ బాటలో నడిచి తమ వ్యాసాలకు ‘సాక్షి’ అని పేరు పెట్టుకొన్నారు, 1913లో. టాట్లర్ అంటే ఊసుపోక మాట్లాడేవాడు. కోస్తావారు చూచేవాణ్ణి తీసుకుంటే మా అనంతపురం వారు మాట్లాడేవాణ్ణి తీసుకున్నారన్నమాట. సాక్షిలో కూడా ఉపన్యాసమంతా జంఘాలశాస్త్రిదే గదా, అక్కడ చూచినదెంత, మాట్లాడినదెంత అని మీరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

స్టీల్ తన పత్రిక తొలి సంచికలో ఒక చమత్కారం చేశాడు. ఈ పత్రిక స్త్రీలకు కూడా వినోదం కలిగించాలి, వారి గౌరవార్థమే ఈ పేరు పెట్టాను అని. అనగా, వదరడం ఆడవారి సొత్తు అని నవ్వుతూ అంటించాడు. అనంతపురం యువకులు ఆ పని చేయలేదు. పేరును తమ నెత్తినే పెట్టుకున్నారు. లోకం తిట్టబోయే మాటను తానే ముందుగా తగిలించుకొన్నవాడిని ఇక ఎవరేమంటారు? ఆ చనువుతో వారు తోచిన విషయాలన్నీ మాట్లాడుకొన్నారు. వ్రాసినవాటిలో కొన్ని దొరకకుండా పోయినా, మిగిలినవి తరువాత పుస్తకమై నిలిచినవి. రాయలసీమ వచనంలో దానికొక పీట ఉన్నది.

ఈ పుస్తకాన్ని గూర్చి నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాహిత్యసభలో ప్రసంగించాను. నాకు ఇచ్చినది పావుగంట. మాట్లాడినది నలభై నిమిషాలు. నిందాపదాన్ని ఆత్మీయపదంగా మార్చిన ఆ యువకుల ప్రతిభను ఎంతో కొనియాడాను. ఎవరూ నన్ను వదరుబోతు అనలేదు; శాలువ కప్పారు. ఆ తరువాత రెండేళ్ళకే నేను ఆ పిల్ల కార్డుమీద ఎర్రసిరాతో ఆ మాట వ్రాసినది.

ఆమె చేసిన నేరం చెబుతాను. తల్లిదండ్రులు కరవుకు బెంగుళూరు కూలికి వెళ్ళారు. పిల్ల అవ్వ దగ్గర పెరిగేది. ఏరువాకకు ముందు మా పల్లెల్లో విత్తనానికి చెనిక్కాయలు చేత్తో ఒలిచేవారు. పెద్ద ఆసామి ఇంటి వసారాలో పదిమంది ఆడవాళ్ళు కాయల రాశి చుట్టూ కూర్చుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోళ్ళు వాటి పని. నవ్వులు, కథలు, వదినా మరదళ్ళ ఎత్తిపొడుపులు, చచ్చినవారి మంచిచెడ్డలు. ఒలిచిన గింజలను కొలిచి కూలి ఇచ్చేవారు. మాటలు ఆగితే చేతులూ ఆగుతాయని ఆసామికి కూడా తెలుసు. అందుచేత అక్కడ ఎవరూ ‘నిశ్శబ్దం’ అని అరిచేవారు కారు. ఆ పిల్ల అవ్వ ప్రక్కన కూర్చొని మాట నేర్చుకొన్న బడి అది.

నేను ఒకనాడు వర్షర్తువర్ణన పాఠం చెబుతున్నాను. మేఘాలు, మెరుపులు, పొంగే ఏరులు, కప్పల వేదఘోష. సమాసాలు విడదీస్తూ నేను కూడా పొంగుతున్నాను. రెండవ బెంచీలో ఈ పిల్ల లేచి, ‘అయ్యవారూ, ఈ కవిది ఏ ఊరు? ఒక్కసారన్నా మా ఊరికి రాలేదా?’ అన్నది. తరగతి ఘొల్లుమన్నది. అంతటితో ఆగలేదు. తమ చెరువులో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో, మొన్న మబ్బు పట్టితే వాళ్ళ అవ్వ ఎండబెట్టిన కాయలు లోపల పెట్టి మళ్ళీ బయట పెట్టి మళ్ళీ లోపల పెట్టి చివరకు ఆకాశాన్ని ఎట్లా తిట్టిందో, అవ్వ గొంతుతో అభినయించి చూపింది. పిల్లలు కడుపులు పట్టుకొన్నారు. నిజానికి అంతకంటె మంచి వర్షర్తువర్ణన ఆనాడు ఆ గదిలో జరుగలేదు. అప్పుడు నాకు అట్లా తోచలేదు. నా పాఠం పాడైందని మాత్రం తోచింది. ఇటువంటివి వారానికి రెండు మూడు.

ఇక ఇటీవలి సంగతి. 2025 నవంబరులో సత్యసాయిబాబావారి శతజయంతికి ఊరంతా కిటకిటలాడుతున్నది. తువ్వాలు కొనుక్కుందామని బజారుకు వెళ్ళి, జనం తాకిడికి నిలువలేక ప్రశాంతి నిలయానికి దగ్గరి సందులో ఒక బట్టల అంగడి నీడకు చేరాను. లోపల యాభై ఏళ్ళ ఆమె ఒకరు ఒక విదేశీ వనితతో బేరమాడుతున్నారు. ఆ భాష నాకు తెలియదు. ఇంగ్లీషు మాత్రం కాదు. ఇద్దరూ నవ్వుకొంటున్నారు. ఆ వచ్చినామె ఒక శాలువ కోసం వచ్చి మూడు కొనుక్కొని, వెళుతూ వెళుతూ ఈమెను కౌగిలించుకొని పోయింది. అప్పుడీమె నా వైపు తిరిగి ఒక క్షణం చూసి చేతులు జోడించింది.

‘అయ్యవారూ, బాగుండారా? గుర్తు పట్టలేదా నన్ను? ఎనిమిదో తరగతి. రెండో బెంచీ. వదరుబోతు.’

నా ముఖం ఎట్లా మారిందో నాకు కనబడలేదు గాని ఆమెకు కనబడినది. స్టూలు తెచ్చి వేసింది, టీ తెప్పించింది. పదవ తరగతితో చదువు మానేసిందట. పెళ్ళయి ఈ ఊరు వచ్చి, మగనితో కలిసి అంగడి పెట్టిందట. ఇందాక మాట్లాడినది ఏ భాష అని అడిగాను. ‘ఇటలీ మాట అయ్యవారూ. రష్యా మాట గూడా కొంచెం వస్తాది. ఏ బడికీ పోలేదు. వచ్చినోళ్ళతో మాట్లాడి మాట్లాడి వచ్చె.’ 2011లో బాబావారు పోయిన తరువాత వచ్చేవారు తగ్గి బేరాలు పలుచబడినవనీ, తక్కిన అంగళ్ళు కొన్ని మూతపడినా తాను మాటలతోనే నిలబెట్టుకొచ్చాననీ చెప్పింది.

నేను ఆ కార్డు విషయం ఎత్తబోయాను. ఆమే అందుకున్నది.

‘మా అవ్వకు చదువు రాదు గదా. ‘ఏం రాసినాడే అయ్యవారు?’ అనె. ‘బాగా మాట్లాడతాదని రాసినారవ్వా’ అంటి. ఆయమ్మ చెనిక్కాయలు ఒలిచేకాడ అందరికీ చెప్పుకొనె, మా పాపను అయ్యవారు మెచ్చుకున్నాడని. కార్డు మీద వేలిముద్ర గూడా సంతోషంగా వేసె.’

నేను కూడా నవ్వాను. పాణినీయానికి వార్తికకారుడు వేసిన అడ్డుకట్టను ఒక ఎనిమిదవ తరగతి పిల్ల ఒక్కమాటతో తీసివేసిందని, పప్పూరివారు చేసిన పనే చేసిందని, నా లోపలి పండితుడు లేచి ప్రసంగానికి సిద్ధమవుతున్నాడు. అంతలో ఆమె గొంతు కొంచెం తగ్గించి అడిగింది.

‘అయితే అయ్యవారూ, ఆ కార్డు ఇచ్చినాక ఆ యేడంతా తరగతిలో నేను ఒక్కసారన్నా నోరు తెరిస్తినా? మీరు చూసుకుంటిరా?’

చూచుకోలేదు. నాకు తెలియనే తెలియదు. ఇంకా చెప్పాలంటే, ఆ సంవత్సరం ఆ తరగతిలో పాఠాలు చక్కగా సాగినవని సంతోషించినట్లు జ్ఞాపకం. ‘హాఫ్ ఇయర్లీ కార్డులో ‘ప్రవర్తనలో మెరుగు కలదు’ అని రాస్తిరి,’ అని ఆమే అప్పజెప్పింది. ఆ వాక్యాన్ని వాళ్ళ అవ్వకు ఏమని చదివి వినిపించిందో నేను అడుగలేదు.

కోపంతో అడిగింది కాదు ఆ ప్రశ్న. ఎన్నాళ్ళనుండో తెలుసుకోవాలని ఉన్న చిన్న సందేహాన్ని తీర్చుకొన్నట్లు అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ‘నేను అనుకుంటి లెండి,’ అని టీ గ్లాసు తీసుకొన్నది.

కొంచెంసేపటికి, ఆ గడిలో ఆనాడు ఏమి వ్రాసి ఉండవలసింది అన్న ఆలోచన పైకే అనేశాను. వాగ్మి అని చెప్పి చూశాను. ఆమె దానిని రెండుమార్లు పలికి, ‘ఇది ఇటలీ మాట కంటె కష్టముంది,’ అని నవ్వింది. ‘మా అవ్వ నన్ను మాటలపుట్ట అంటా ఉండె. అదే బాగుండె.’

మాటలపుట్ట! మనమందరం ఎరిగిన మాటే. కథలపుట్ట అంటాము, పద్యాలపుట్ట అంటాము. ఇన్ని వ్యుత్పత్తులు తవ్వినవాడిని, పుట్ట పేరే పెట్టుకున్న ఊరిలో కాపురముంటూ, దానిని లెక్కలోకి తీసుకోలేదు. మా ఊరి పేరుకు ఒక కథ చెబుతారు. పూర్వం ఇది గొల్లపల్లి. ఒక ఆవు పాలను పాము త్రాగిపోతున్నదని గొల్లవాడు బండరాయి వేసి చంపితే, చస్తూ చస్తూ అది పెట్టిన శాపానికి ఊరంతా పుట్టలు లేచినవని. కథలో పుట్ట శాపమే. కాని మెట్టపొలాల రైతు పుట్టను వేరుగా చూస్తాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలాన్ని గుర్తించే విధానం చెప్పే దకార్గళాధ్యాయంలో, ఏ చెట్టు ప్రక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున నీరు ఉంటుందో ఎన్నో మార్లు చెప్పాడు. మా ప్రాంతంలో బావికి చోటు చూసేవారు బృహత్సంహిత చదువకపోయినా పుట్ట కనబడితే ఆగుతారు. తొలకరి పడిన సాయంత్రం ఆ పుట్టలోనుంచే ఉసిళ్ళు వేలకు వేలు రెక్కలతో లేస్తాయి. ఎవరూ వాటిని వరుసలో రమ్మనరు. ఇవన్నీ ఆ అవ్వ ఆలోచించి అన్నదని నేను చెప్పబోవడం లేదు. చెనిక్కాయలు ఒలుస్తూ అని ఉంటుంది.

లేవబోతూ తువ్వాలు ధర అడిగాను. నూట అరవై అన్నది. ప్రక్క అంగడిలో నూట ఇరవైకే చూసి వచ్చాను. బేరమాడడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు ఆ సంగతి తెలుసునని కూడా నా అనుమానం. ఇచ్చిన రెండు వందలకు చిల్లర లెక్కపెడుతూ ఆమె పెదవి చివర ఒక నవ్వు ఉండినది.

మిత్రులకు ఒక మనవి. మాటలపుట్ట అనే మాట మీ ప్రాంతాలలో మెప్పుగా వాడతారా, విసుగుగా వాడతారా? ముఖ్యంగా గోదావరి జిల్లాలవారు, తెలంగాణవారు చెప్పగలరు. ఎక్కువగా ఇంపుగా మాట్లాడే పెద్ద ఆడవారికి, పిల్లలకు కాదు, పెద్దవారికి, మీ ఇంటిలో ఏదైనా మంచి పేరు వాడుకలో ఉంటే అది కూడా తెలుపగోరుతాను.